బండికి వేసిన లైనింగు

కొలత విషయంలో ఈ దర్జీ తప్పిన రోజంటూ లేదు. ఒకసారి వీధిలో పోతున్న పెద్దమనిషి నీడను మాత్రమే చూసి కోటు కుట్టేశాడు. కోటు మనిషికి అతికినట్టు సరిపోయింది. నీడకే చంకల్లో కాస్త బిగువైందట.

అంతటివాడు ఆ ఆదివారం పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మిషను ముందు కూర్చుంటాడు, లేస్తాడు, వాకిట్లో బండి చుట్టూ ఒక చుట్టు చుడతాడు, మళ్ళీ వచ్చి సూదిలో దారం ఎక్కించి ఏ బట్టకో మరిచిపోతాడు.

బండి అతనొక్కడిదే అయితే ఇంత గుబులు ఉండేది కాదు. అది తోడల్లుడితో కలిసి కొన్నది. ఒక వారం ఇతనిది, ఒక వారం అతనిది. ఆదివారం సాయంత్రం చేతులు మారుతుంది. ఎవరి వారంలో బండికి దెబ్బ తగిలితే వాడి వాటా అంతటితో సరి, తన తాళంచెవి రెండోవాడికి ఇచ్చెయ్యాలని కొన్ననాడే మాట అనుకున్నారు. ఆ మాట పెట్టింది దర్జీయే. తోడల్లుడు ఎప్పుడో ఒకప్పుడు ఏ గోడకో గుద్దుకొస్తాడని అతని గట్టి నమ్మకం.

తీరా ఈ వారం తనకే బుద్ధి పుట్టింది. చప్పుడు ఘనంగా ఉండాలని బండితో వచ్చిన సైలెన్సరు ఊడబీకించి, బయట దొరికే పొట్టి సైలెన్సరు పెట్టించాడు. పాతదానికి వేడి తగలకుండా రేకు తొడుగు ఉండేది, కొత్తదానికి లేదు. నాలుగు వీధులు తిరిగేసరికి సీటు కింది ప్లాస్టిక్ కవరు మైనంలా మెత్తబడి ఒకచోట ఉబ్బింది.

మధ్యాహ్నానికి ఉపాయం తట్టింది. ఇస్త్రీ బల్ల మీద పరిచే మందపాటి గుడ్డను కవరు ఆకారానికి కత్తిరించి, పైన వెండిరంగు రేకు కాగితం వేసి కుట్టి, కవరు లోపలి వైపు అతికించాడు. ఎక్కడా మడత లేదు. సైలెన్సరుకూ దానికీ మధ్య దారం దూరే సందు కూడా లేదు. మురిసిపోయి బండి స్టార్ట్ చేశాడు.

కాసేపటికి వాసన మొదలైంది. ఉబ్బు పక్కన ఇంకో ఉబ్బు లేచింది. సరే, నేను పైన కొట్టిన గొప్ప వెనక్కి తీసుకుంటున్నాను. మనవాడు కొలత తప్పాడు. ఆ మాటకొస్తే నీడ చూసి కుట్టిన కోటు కూడా రెండుసార్లు విప్పి కుట్టిందే.

"బండి ఆపండి, ఇల్లంతా కంపు," అంటూ భార్య వచ్చి వంగి చూసింది. "దానికి చలేసిందా? లైనింగు వేశారు."

"వేడి తగలకుండా వేశాను."

"వేడిదానికి ఆనించి పెడితే తగలదా? నా ఇస్త్రీపెట్టె బల్ల మీద ఎందుకు పెట్టనివ్వరు మీరు?"

"బల్ల కాలుతుందిగా."

"మరి ఎక్కడ పెట్టమంటారు?"

"కాళ్ళున్న ఇనప పీట మీద..." అని దర్జీ ఆగిపోయాడు.

"కింద గాలి ఆడుతుందని. మీరు కుట్టే కోట్లలో తప్ప ఎక్కడైనా కాస్త గాలి ఆడాలి."

దర్జీ లైనింగు పీకేశాడు. పాత అల్యూమినియం పళ్ళెం కత్తిరించి సైలెన్సరు వంపుకు వంచాడు. మధ్యలో లావు వాషర్లు పెట్టి, రేకు సైలెన్సరుకు ఆనకుండా ఇనప పట్టీలతో బిగించాడు. కవరును కూడా నట్ల దగ్గర వాషర్లు వేసి వేలెడు బయటికి జరిపాడు. ఆ వదులు చూస్తే అతనికి ఒళ్ళు జిలపుట్టింది. లోపలికి నొక్కేద్దామని చెయ్యి పోయినప్పుడల్లా భార్య గొంతు సవరించుకుంది.

ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చి తడిమాడు. కవరు గోరువెచ్చగా ఉంది. ఉబ్బులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

సాయంత్రం తోడల్లుడు వచ్చాడు. "ఏం తమ్ముడూ, బండికి గొంతు పెరిగింది," అంటూనే కవరు మీద వేలు పెట్టాడు. "ఇదేమిటి?"

ఎండకు అయిందన్న అబద్ధాన్ని దర్జీ పొద్దుటి నుంచి నోట్లో నానబెట్టుకున్నాడు. "నా వారంలోనే కాలింది అన్నయ్యా," అన్నాడు చివరికి. "ఇక కాలదు."

తోడల్లుడు బండి తీసుకుని చాలాసేపటికి తిరిగొచ్చాడు. కవరు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. "వేడి లేదు."

"అయినా మాట మాటే," అని దర్జీ తన దగ్గరున్న రెండో తాళంచెవి అందించాడు.

తోడల్లుడు పకపకా నవ్వాడు. "ఆ మాట నన్ను చూసే పెట్టావని నాకు తెలియదటయ్యా?" అని తాళంచెవి అందుకుని వెళ్ళిపోయాడు.

ఇందులో ఆ నవ్వు నేను కల్పించింది. అతను నవ్వలేదు. తాళంచెవి జేబులో వేసుకుని వెనక్కి చూడకుండా పోయాడు. ఆ వారమంతా దర్జీ వీధిలో ప్రతి చప్పుడుకూ తలెత్తుతూ సూదులు విరగ్గొట్టాడు. తరువాతి ఆదివారం దర్జీ వంతుకు బండి వచ్చి వాకిట్లో ఆగింది. అది మాత్రం కల్పన కాదు.