కౌముదికి ఇచ్చిన వసతి

విజయనగరంలో మా కాలేజీ ఏ సదస్సు పెట్టినా ప్రయాణ, వసతి ఏర్పాట్లు చూసేది నేనే. నేను తయారుచేసే సలహా పత్రానికి చుట్టుపక్కల మంచి పేరుంది. స్టేషన్లో ఎటువైపు దిగాలి, ఆటోవాడికి ఏ గుర్తు చెప్పాలి, ఏ లాడ్జిలో వేడినీళ్ళు వస్తాయి, ఏ హోటల్లో ఉల్లిపాయ లేకుండా వడ్డిస్తారు, అన్నీ రాస్తాను. నౌపడ మీదుగా వచ్చేవాళ్ళు అక్కడ బండి ఎంతసేపు ఆగినా కంగారుపడి దిగిపోవద్దని కూడా రాశాను. చివర ఒకటే ఫోన్ నంబరుంటుంది. అది నాది. నాలుగు నంబర్లిస్తే నలుగురూ ఎత్తరని అందరికీ చెబుతాను గానీ, అసలు సంగతి అది కాదు. ఎవరు ఎక్కడ పడుకోవాలో నేనొక్కణ్ణే చెప్పాలి. అది నాకిష్టం.

ఈసారి సదస్సు గుళ్ళలో పాడే సేవా గీతాల మీద. హైదరాబాదు నుంచి ప్రొఫెసర్ జగన్నాధం గారు వస్తున్నారు. ఆయన చేతిలో రెండేళ్ళ ప్రాజెక్టుంది. మొదటి రోజు పదింటి సమావేశంలో ఎవరి పత్రం నచ్చితే ఆ ఒక్కరినే పరిశోధకులుగా తీసుకుంటానని ముందే రాశారు. ఆ సమావేశంలో మొదటి వంతు కౌముదిది, రెండోది నాది.

కౌముది పాతపట్నంలో కాంట్రాక్టు లెక్చరర్. వేసవితో ఆ కాంట్రాక్టు అయిపోతుంది, మళ్ళీ ఇస్తారన్న ఆశ లేదు. ఆ ప్రాజెక్టు తప్ప ఆమెకు ఇంకో దారి లేదు. సొంతూరు శ్రీముఖలింగం. నాన్న వేంకటాచలం గారిది తరతరాలుగా గుడిలో పాటల సేవ చేసిన కుటుంబం. ఆ పాటలు ఆమెకు ఉగ్గుపాలతో వచ్చాయి. నాకు ఆ ఇంట్లో రెండేళ్ళు తిని కూర్చుంటే వచ్చాయి. అవును, ఇంటర్ చదివిన రెండేళ్ళూ నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. కౌముది తల్లి లక్ష్మీకామేశ్వరి గారు నాకు వడ్డించాకే తన కూతురికి వడ్డించేవారు. అప్పటినుంచీ కౌముది నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది.

పత్రాలన్నీ ముందు నాకే వస్తాయి కనక ఆమెది చదివాను. దాని ముందు నాది దూదిపింజలా తేలిపోతుంది. చదివాక నాకు అన్నం సయించలేదు.

సదస్సుకి వారం ముందు కౌముది ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఒక్క రాత్రికి గది కావాలి. ఇక్కణ్ణుంచి పొద్దున్న బయల్దేరితే పదింటికి అందుకోలేను."

"గదులన్నీ అయిపోయాయమ్మా. అయినా నీకు గదేటి? మీ మేనత్త ఇల్లు మూడు లాంతర్ల దగ్గరే ఉన్నాది కదా. నడిచొచ్చినా పది నిమిషాలు."



"ఆ ఇల్లు వద్దన్నయ్యా. నీకు తెలుసు కదా. నేనే ఏదో లాడ్జి చూసుకుంటాన్లే."

నాకు తెలుసు. మేనత్త కూర్మమ్మ గారి కొడుకు హరిచరణ్‌కే కౌముదిని ఇచ్చారు. ఆరేళ్ళు కాపురం చేశాక, పిల్లలు పుట్టలేదని నాలుగేళ్ళ కిందట విడాకులిచ్చాడు. మేనరికంలో ఉన్న తిరకాసు అదే. మొగుడి ఇల్లు పోయినా అది మేనత్త ఇల్లుగా మిగిలే ఉంటుంది. మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదీసిన కోర్టు అన్నాచెల్లెళ్ళని విడదీయలేదు. ఇంకో సంగతీ నాకు తెలుసు. హరిచరణ్ రెండో భార్య విశాలికి ఏడో నెల. సరిగ్గా సదస్సు మొదటి రోజు పొద్దున్న పది గంటల పది నిమిషాలకు శ్రీమంతం. శుభలేఖ నాకూ వచ్చింది. కౌముది వాళ్ళకి మాత్రం పంపలేదు.

మా వైపు ఒక పద్ధతుంది. ఊళ్ళోకి వస్తున్నట్టు బంధువులకి తెలియకపోతే ఎక్కడ దిగినా అడిగేవాడు లేడు. తెలిశాక మాత్రం వాళ్ళ గుమ్మం తొక్కకుండా లాడ్జిలో దిగితే, వాళ్ళ ముఖాన ఉమ్మినట్టే. ఇరవయ్యేళ్ళు మాటలుండవు. అందుకని కూర్మమ్మ గారికి నేనే ఫోన్ చేశాను. ఆవిడ అన్నగారికి చేశారు. అన్నగారు కూతురికి చేశారు. సాయంత్రానికి కౌముది నుంచి మెసేజ్ వచ్చింది: "సరే అన్నయ్యా, అత్తయ్య ఇంట్లోనే ఉంటాను."

మా అటెండర్ నూకయ్య తాళాల గుత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"బాబూ, గెస్ట్‌హౌస్‌లో ఆ సివర గది కాళీగే ఉన్నాది గదా. పాతపట్నం మేడమ్‌కి ఇచ్చీవచ్చు గదా?"

"పెద్దవాళ్ళెవరైనా వస్తే ఉండాలి. నీకెందుకయ్యా?"

"నాకేటి బాబూ. ఆడకూతురు గదాని అన్నాను," అని వెళ్ళిపోయాడు.

ఆ గదిలో చివరిదాకా ఎవరూ దిగలేదు.

సదస్సు రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి స్కూటర్ వేసుకుని కూర్మమ్మ గారింటికి వెళ్ళాను. ప్రతినిధిని దగ్గరుండి తీసుకురావడానికి వెళ్తున్నానని కాలేజీలో చెప్పాను. వాకిట్లో షామియానా, అరుగు మీద సన్నాయి మేళం. హాల్లో పీట మీద విశాలి, చుట్టూ గాజుల పళ్ళాలతో ముత్తయిదువులు. కూర్మమ్మ గారు నన్ను వెనక వసారాలోకి లాగారు.

"ఒరే కామేష్, మంచి పని చేశావురా, ఇయ్యాళే దొరికిందా నీకు? ఫోన్ చేసినప్పుడు ముహూర్తం సంగతి నాకు తోచలేదు. అన్నయ్య కూతురు కదా, రావద్దని ఎలా అంటాను? దాన్ని వెనక గదిలో ఉంచి గడియపెట్టాను. ముహూర్తం అయి, హారతి ఇచ్చి, బంతి లేచేదాకా దాని కళ్ళు పడకూడదు ఈ పిల్ల మీద."

"కౌముది ఏమంది?"

"ఏటంటాది? పదింటికి పనుందంటాది. పెరటి గుమ్మం ఉన్నాది, నువ్వే అటునుంచి తీసుకుపో నాయనా. మీ కాలేజీ వాళ్ళేమైనా అనుకుంటారేమో."

ఇక్కడ నేను ఊఁ అంటే చాలు. ఐదు నిమిషాల్లో ఆమె వేదిక మీద ఉండేది.

"తొందరేం లేదు పిన్నిగారూ," అన్నాను. "ఆవిడ వంతు మధ్యాహ్నానికి మార్చాం. భోజనం పెట్టి నెమ్మదిగా పంపండి."

వెనక గది కిటికీకి ఊచలున్నాయి. వాటి వెనక కౌముది నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుని, ఫైలు గుండెకి పెట్టుకుని ఉంది. నా మాట విన్నది. "అన్నయ్యా, మార్చలేదు! నాది పదింటికే!" అని అరిచింది. సరిగ్గా అప్పుడే మేళం వాళ్ళు అందుకున్నారు. కూర్మమ్మ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటంటంది?" అన్నారు. "జాగ్రత్తగా వెళ్ళి రమ్మంటోంది," అన్నాను. రెండు గారెలు, ఇంత పులిహోర పెట్టించుకుని తిని వచ్చేశాను.

నా ఫోన్ పదకొండుసార్లు మోగింది. సైలెంట్‌లో పెట్టాను. సలహా పత్రంలో వేరే నంబరు లేదు. పదింటికి ఆమె పేరు పిలిచారు. నేను లేచి, "ఇంట్లో శుభకార్యం ఉండి రాలేకపోయారు," అని చెప్పి నా పత్రం చదివాను. ఎదుట గట్టివాడు లేనప్పుడు నేను బాగానే చదువుతాను. జగన్నాధం గారు మెచ్చుకున్నారు. భోజనాలకు లేచేముందు ప్రాజెక్టుకి నా పేరు ప్రకటించారు.

ఒంటిగంటకి కౌముది వచ్చింది. చెప్పులు లేవు, ఎక్కడో పోయినట్టున్నాయి. తిన్నగా జగన్నాధం గారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పింది. గది అడిగిందీ, నేను ఇవ్వనిదీ, అత్తయ్యకి ఫోన్ చేసిందీ, కిటికీ దగ్గర అబద్ధమాడిందీ, ఒక్కటీ దాచలేదు. చుట్టూ ఇరవైమంది పళ్ళాలు పట్టుకుని విన్నారు. నేను నా పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

జగన్నాధం గారు పెరుగన్నం కలుపుకుంటూ, "విడాకులిచ్చినవాడి ఇంటికి ఎందుకెళ్ళావమ్మా?" అన్నారు.

"మా మేనత్తండీ. పిలిచాక వెళ్ళకపోతే మా నాన్నకి చెల్లెలు లేకుండా పోతుంది."

ఎవరో నవ్వారు. ఇంకొకరు, "ఇంటి గొడవలు సదస్సుకి తెస్తే ఎలా?" అన్నారు. జగన్నాధం గారు ఆమె పత్రాన్ని తర్వాత పోస్టులో పంపమన్నారు. నేను మళ్ళీ పళ్ళెం అందుకున్నాను.

అప్పుడే కౌముది ఫోన్ మోగింది. తల్లి. కౌముది విని, ఏమీ మాట్లాడకుండా ఫోన్ నా చేతికిచ్చింది.

"నాయనా కామేష్," అన్నారు లక్ష్మీకామేశ్వరి గారు. "నువ్వే దగ్గరుండి చూసుకున్నావట కదా, కూర్మమ్మ చెప్పింది. ఆ గుమ్మం మళ్ళీ తొక్కడానికి నా కూతురు ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. నువ్వున్నావన్న ధైర్యంతోనే పంపాను. పేపర్ బాగా చదివిందా? నువ్వు విన్నావా?"

కౌముది నా ముఖంలోకే చూస్తోంది. ఒక్క నిజం చెబుతానేమోనని చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"విన్నానమ్మగారూ. చాలా బాగా చదివింది. కానీ ఉద్యోగం నాకిచ్చారు," అన్నాను.

"పోనీలే, నువ్వు మాత్రం పరాయివాడివా? ఇంటికి రా నాయనా, బట్టలు పెడతాను."

కౌముది ఫోన్ తీసుకుంది. "ఇంక మా అమ్మకి నేనేం చెప్పుకోను, సార్?" అంది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను అన్నయ్యా అనలేదు.

సిగ్గేసిందా అంటే, వేసింది. అయినా నెల తిరక్కుండా శ్రీముఖలింగం వెళ్ళాను. ప్రాజెక్టుకి పాటలు కావాలి, అవి వేంకటాచలం గారి గొంతులో తప్ప ఇంకెక్కడా లేవు. నాలుగు రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాను. నాకోసం ముందుగది ఖాళీ చేసి, కౌముదిని వంటింట్లో పడుకోబెట్టారు. పెద్దాయన దగ్గుతూనే నలభై పాటలు పాడారు, నేను రికార్డు చేసుకున్నాను. ఎక్కడైనా మరిచిపోతే పక్కనుంచి కౌముది అందించింది. బయల్దేరే రోజు లక్ష్మీకామేశ్వరి గారు నాకు బొట్టు పెట్టి, పంచెల చాపు చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

పళ్ళెం కౌముదే పట్టుకుంది. నేను బట్టలు తీసుకున్నాను.