అద్దెకు దిగిన కంపెనీ

నేను ఒక రబ్బరు స్టాంపును. గుండ్రటి ముఖం, చెక్క పిడి, ముఖం నిండా తిరగేసి చెక్కిన అక్షరాలు. అద్దంలో చూసుకుంటేగాని నా పేరు నాకే చదవడం రాదు. గుంటూరులో రిజిస్ట్రేషను ఆఫీసు పక్క సందులో, జిరాక్సు మిషనుకీ టీ బండికీ మధ్య ఇరుక్కున్న కొట్లో పుట్టాను. అదే పూట నాతోపాటు ఒక పశువుల డాక్టరు ముద్ర, ఒక కళ్యాణమండపం ముద్ర కూడా పుట్టాయి. అవి సాయంత్రానికే పనిలో చేరిపోయాయి. నాకు మాత్రం ముహూర్తం కుదరలేదు.

నా మీద ఉన్న పేరు ‘వల్లీ హోమ్స్ ఎల్.ఎల్.పి.’ ఇంట్లోవాళ్ళే భాగస్వాములుగా చేరి, ఇళ్ళు సంపాదించి అద్దెలకిచ్చుకునే కంపెనీ. ఆలోచన కిరీటిది. ఏదో పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాడు చెబితే విని వచ్చాడు. అతని అన్న వామనమూర్తి ఇరిగేషను శాఖలో రిటైరై, సంతకాలు పెట్టే పని లేక చెయ్యి ఊరుకోక కొట్టుకుంటున్న మనిషి. వెంటనే ఒప్పుకున్నాడు. మూడో భాగస్వామి వామనమూర్తి భార్య హైమవతి. ఆవిడెందుకంటే, తెనాలిలో ఆవిడకు తల్లి రాసిచ్చిన డాబా ఇల్లుంది. కంపెనీకి మొదటి ఆస్తి అదే కావాలని అన్నదమ్ములు అనుకున్నారు. ఆ సంగతి ఆవిడతో అనడం మర్చిపోయారు.

కంపెనీ పేరు అన్నదమ్ముల తల్లి కనకవల్లిగారిది. తన పేరున్న వస్తువు ఇంటికి రాగానే ఆవిడ నన్ను దేవుడి గూట్లో పెట్టి, పసుపు రాసి, ముఖం మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. తొలి ముద్ర ఆస్తి కాగితం మీదే పడాలనీ, అంతవరకూ ఎవరూ ముట్టుకోకూడదనీ శాసించింది. స్టాంపు లేనిదే ఖాతా తెరవం అన్నారు బ్యాంకువాళ్ళు. ఆస్తి రానిదే స్టాంపు ఇవ్వనంది పెద్దావిడ. అందువల్ల కంపెనీకి పేరుంది, నేనున్నాను, రోజూ నైవేద్యం కూడా ఉంది. ఖాతా మాత్రం లేదు.

గూట్లో ఉండటంవల్ల నాకు ఒక విషయం తెలిసింది. హైమవతి రోజూ గూడు తుడుస్తూ అత్తగారితో కబుర్లు చెప్పేది. తెనాలి ఇల్లు వాళ్ళమ్మ బడిలో హిందీ చెబుతూ, సాయంత్రాలు ప్రైవేట్లు చెబుతూ, బండెడు ఇటుక వచ్చినప్పుడల్లా ఒక గోడ చొప్పున లేపిన ఇల్లు. ‘నీకంటూ ఒక తాళంచెవి ఉండాలే’ అని రాసిచ్చి పోయింది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశాక హైమవతి అప్పుడప్పుడూ బస్సెక్కి వెళ్ళి, ఊడ్చి, పెరటిగదిలో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎవరికీ కాఫీ కలపకుండా తిరిగొచ్చేది. ఆవిడకున్న విలాసమల్లా అదే.

ఒక ఆదివారం ఆడిటరుగారు కాగితాలతో వచ్చారు. హైమవతి ఆయనకి పెసరట్టు వడ్డించింది.

“ఇక్కడ సంతకం పెట్టు వదినా, మిగతాది మేం చూసుకుంటాం,” అన్నాడు కిరీటి.

“దేనికి?”

“నీ తెనాలి ఇల్లు కంపెనీలో వేస్తున్నాం గదా.”

“వేస్తే ఎవరిదవుతుంది?”

“ఎవరిదేవిటి హైమా, అంతా మనదే,” అన్నాడు వామనమూర్తి, చట్నీ దగ్గరికి లాక్కుంటూ.

హైమవతి అట్లకాడతోనే ఆడిటరువైపు తిరిగింది. “రేపు నాకు బుద్ధిపుట్టి ఆ ఇంట్లో నాలుగు రోజులుండొస్తానంటే?”

“ఇల్లు కంపెనీదమ్మా. మిగతా భాగస్వాములు సరేననాలి.”

“మా మరిది వద్దంటే?”

“నేనెందుకు వద్దంటాను వదినా!”

“నిన్న ఉప్మా వద్దన్నావు.”

ఆడిటరుగారు నవ్వు ఆపుకుని మంచినీళ్ళు తాగారు.

“ఇంటి మీద అప్పు తెచ్చి, అది తీరకపోతే?”

“బ్యాంకు వేలం వేసుకుంటుందమ్మా.”

గూటి పక్కనే పీటమీద కూర్చున్న కనకవల్లిగారు జపమాల ఆపింది. “నరసరావుపేటలో మా నాన్నిచ్చిన స్థలం గురించి మీ నాన్నగారూ ఇదే మాటన్నార్రా, అంతా మనదేనని. ఇప్పుడక్కడ ఎవరిదో సినిమాహాలుంది.”

నిజానికి నన్నూ హైమవతినీ ఆ ఇంట్లో ఒకే పనికి పెట్టుకున్నారు, చూపించిన చోట ముద్ర పడటానికి. నేనైతే పడేదాన్నే. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, ఇంకో అట్టు తెచ్చి ఆడిటరుగారి పళ్ళెంలో వేసింది.

“కంపెనీ ఇల్లు అద్దెకు తీసుకోవచ్చాండీ?”

“నిక్షేపంలా. యజమాని ఒప్పుకుంటే మళ్ళీ బయటివాళ్ళకి అద్దెకివ్వనూవచ్చు.”

“యజమాని ఒప్పుకుంటుంది. పెరటిగది తప్ప.”

కిరీటి లేచి నిలబడ్డాడు. “అద్దెలు వసూలు చేసుకుందామని కంపెనీ పెట్టి మనమే అద్దె కట్టడమేంటి వదినా? జనం నవ్వుతారు.”

“నవ్వేవాళ్ళకి ఇల్లుంటే వాళ్ళదే తీసుకో.”

“కట్టుకున్నవాడి దగ్గర అద్దే, అడ్వాన్సూ పుచ్చుకుంటావా?” అన్నాడు వామనమూర్తి దీనంగా.

“మీ దగ్గరెందుకండీ? కంపెనీ దగ్గర. అంతా మనదే గదా.”

కొత్త కాగితం రాసుకొచ్చిన రోజున కనకవల్లిగారే నన్ను గూట్లోంచి తీసింది. “తొలి ముద్ర ఆస్తి కాగితం మీదన్నావుగా అమ్మా?” అని కిరీటి సణిగాడు. “ఇది ఆస్తి కాగితం కాదుట్రా? మీ వదిన ఆస్తి,” అందావిడ. కుంకుమ గట్టిపడి నా అక్షరాలు పూడిపోయి ఉంటే హైమవతి పిన్నీసుతో ఓపిగ్గా శుభ్రం చేసింది. ఇళ్ళకు యజమానినవుదామని పుట్టినదాన్ని, ‘అద్దెకు తీసుకున్నవారు’ అన్న మాట కింద మొదటిసారి పడ్డాను. పక్కనే అన్నదమ్ములిద్దరి సంతకాలు. ఇచ్చినవారి చోట హైమవతి గుండ్రంగా తన పేరు రాసుకుంది. దానికి నా అవసరం పడలేదు.

మొదట్లో నామోషీ అనిపించింది. ఇప్పుడు లేదు. బ్యాంకు ఖాతా వచ్చింది, తెనాలి ముందు భాగంలో ఒక పళ్ళ డాక్టరు దిగాడు, కంపెనీకి అంతో ఇంతో మిగులుతోంది. కిరీటి ఇంకో ఇంటికోసం తిరుగుతున్నాడు. ఈసారి అది ఎవరి పేర ఉందో ముందే అడుగుతున్నాడు.

మొన్న తెనాలిలో నీళ్ళ మోటారు కాలిపోయింది. “ఓనరుగారూ, మోటారు బాగుచేయించాలి,” అన్నాడు వామనమూర్తి నవ్వుతూ.

“కంపెనీ తరఫున రాసి, ముద్ర వేసి ఇవ్వండి. చూద్దాం,” అంది హైమవతి, నవ్వకుండా.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పాత ఆఫీసు భాషలో, నిజంగానే రాసి, నన్ను వేసి ఇచ్చాడు. ఆవిడ చదివి, మడిచి సంచీలో పెట్టుకుని, మధ్యాహ్నానికి తెనాలి బస్సెక్కింది. మోటారుకి ఒక గంట చాలు. రాత్రి భోజనానికి తనకోసం చూడొద్దని మాత్రం అత్తగారితో చెప్పి వెళ్ళింది.