కౌలాస్ కోట మీద తీసిన ఫొటో

బాన్సువాడలో పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు ఫంక్షన్ హాలు మాట్లాడుకున్న వెంటనే యోగేష్ కోసం కబురు పెడతారు. ఫొటోలు తీసేవాళ్లు ఊళ్లో ఇంకా చాలామందే ఉన్నారు. కానీ జంటను ఎక్కడ నిలబెడితే బాగుంటుందో యోగేష్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అందరి నమ్మకం. గిరాకీ లేని రోజుల్లో అతను స్టూడియోకు తాళం వేసి బండి మీద తిరుగుతాడు. బీర్కూర్ దగ్గర మంజీర మీద పొగమంచు ఎప్పుడు దిగుతుందో, చెరుకు తోటలు ఏ నెలలో తెల్లగా పూస్తాయో, జుక్కల్ వైపు గుట్టల్లో పొద్దుగూకే వెలుతురు ఏ బండ మీద ఆగుతుందో చూసి పెట్టుకుంటాడు.

"పెండ్లాం మొకం ఎన్నడన్న గింత శ్రద్ధగ జూసినవా?" అని భార్య రమ బీడీలు చుడుతూ ఎత్తిపొడుస్తుంది.

అలాంటివాడికి పల్లవి ఫొటోలంటే ఇంటి పనే. పల్లవి అన్న జీవన్, యోగేష్ బీర్కూర్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. పల్లవి అప్పటికి పలకా బలపం పట్టిన పిల్ల. నవ్విందంటే పక్కింటివాళ్లు తొంగిచూసేవారు. ఇప్పుడు ఆమెకు బోధన్ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు శ్రావణ్‌కు ఎరువుల దుకాణం ఉంది, కారుంది, పెద్దలను చూస్తే వంగి దండం పెట్టే మర్యాద ఉంది. పెళ్లికి ముందే ఊరూరా తిరిగి ఫొటోలు దిగాలని పట్టుబట్టింది అతనే.

చలికాలం పొద్దున శ్రావణ్ కారులో నలుగురూ మంజీర ఒడ్డుకు చేరారు. ఆడపిల్లకు తోడుగా జీవన్ కూడా వచ్చాడు. యోగేష్ కోరుకున్నట్టే నది మీద మంచు పాలనురుగులా పరుచుకుని ఉంది. జంటను నీళ్ల అంచున నిలబెట్టి కెమెరా ఎత్తాడు. శ్రావణ్ సినిమా హీరోలా గడ్డం పైకెత్తాడు. పల్లవి మాత్రం బస్సు కోసం నిలబడ్డ మనిషిలా నిలబడింది.

"చెల్లె, జర నవ్వు. పండ్లు నొస్తున్నయా?" అన్నాడు యోగేష్.

ఆమె పెదవులు కదిలాయి కానీ అది నవ్వు కాలేదు.

శ్రావణ్ కాసేపు చూశాడు. "స్పాటే మంచిగ లేదన్నా. చలికి ముడుసుకపోతుంది. ఇంకో తావుకు పోదాం" అన్నాడు.

చెరుకు తోటకు వెళ్లారు. పైర్లు మనిషికి రెండింతలు ఎత్తున, తెల్లటి పూతతో గాలికి ఊగుతున్నాయి. అక్కడా అంతే. పల్లవి సిగ్గుపడుతోందని యోగేష్ అనుకున్నాడు. బడిలో జీవన్ తిన్న దెబ్బల సంగతులు చెప్పి నవ్వించబోయాడు. జీవన్ నవ్వాడు, శ్రావణ్ నవ్వాడు. ఆమె చేతిలో చెరుకాకును సన్నగా చీలుస్తూ ఉండిపోయింది. శ్రావణ్‌కు చిరాకు మొదలైంది. ఇక్కడ ఎండ పడుతోందన్నాడు, అక్కడ వెనక కరెంటు స్తంభం వస్తోందన్నాడు.

"ఇగ కౌలాస్ కోటకు పోదాం. గా తావు నచ్చకపోతె నేను కెమెరా పట్టుడే బందు పెడత" అన్నాడు యోగేష్. అది అతను అందరికీ చూపించే చోటు కాదు. ఎన్నోసార్లు తిరిగి, కూలిన గోడల మధ్య ఒక బురుజును ఎంచుకుని, మనసుకు నచ్చిన జంట కోసం దాచుకున్నాడు.

కోటకు చేరేసరికి పొద్దు వాలింది. కింద కారు దగ్గర జీవన్ ఆగిపోయాడు. జంటను బురుజు మీద కూర్చోబెట్టి యోగేష్ చాలా దూరంగా, ఎదుటి గోడ మీదికి ఎక్కాడు. అక్కడి నుంచి చూస్తే కోట, ఆకాశం, వాటి నడుమ చిన్నగా ఇద్దరు మనుషులు. మామూలు కంటికి వాళ్ల ముఖాలు కూడా ఆనవు. మాట అసలే వినపడదు. పెద్ద లెన్సు బిగించి దగ్గరికి లాక్కుని చూశాడు.

శ్రావణ్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. పెదవుల మీద నవ్వు చెదరకుండానే ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు అతని వేళ్లు ఆమె దండచేతి మీది కండను పట్టుకుని మెలిపెట్టాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. మరుక్షణం తెరుచుకున్నాయి. పల్లవి నవ్వింది. పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

యోగేష్ వేలు అప్పటికే మీట మీద ఉంది. ఫొటోలు వరసగా పడిపోయాయి.

"వచ్చిందా అన్నా? నవ్వింది గద!" శ్రావణ్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అటు నుంచి కేకేశాడు.

యోగేష్ కెమెరా మెడలో వేసుకుని గోడ దిగాడు.

కింద శ్రావణ్ ఎవరితోనో ఫోను మాట్లాడుతూ పక్కకు వెళ్లాడు. పల్లవి నీళ్లు తాగుతోంది.

"చెల్లె, ఆ చెయ్యి..." అన్నాడు యోగేష్.

ఆమె సీసా దించింది. "జూసినవా?"

"కెమెరాల కనబడ్డది."

"ఇయ్యాల కొత్తగాదన్నా. ఫోను ఎత్తలేదని నిశ్చితార్థం నాడు సుత గిట్లనే జేసిండు. అమ్మకు జెప్పిన. 'పిలగానికి నీ మీద పానం బిడ్డా, గందుకే గట్ల జేస్తుండు' అన్నది." ఆమె ఒకసారి శ్రావణ్ వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను జెప్తె ఇంటలేరు. నీ దగ్గర ఫొటో ఉన్నది గద. నువ్వు జెప్తె ఇంటరేమో. జర జెప్పన్నా."

యోగేష్ నేరుగా జీవన్ దగ్గరికి వెళ్లి కెమెరా చేతిలో పెట్టాడు. జీవన్ ఆ ఫొటోను చూశాడు, పెద్దది చేసి చూశాడు, ముందుదీ వెనకదీ కూడా చూశాడు. అతని మెడ మీద నరం లేచింది. ఇప్పుడే ఏదో చేస్తాడని యోగేష్ అనుకున్నాడు.

"కాలు జారుతుంటె పట్టుకున్నడేమో" అన్నాడు జీవన్.

"మెలిపెడుతుండు రా. కండ్లు మంచిగ తెరిచి జూడు."

"జూసిన." జీవన్ కెమెరా తిరిగి ఇచ్చేశాడు. "కార్డులు పంచినం యోగీ. నాయినకు గుండె ఆపరేషనై ఏడాది గాలే. ఇప్పుడు పెండ్లి ఆగిందంటె ఆయిన ఉంటడా? నన్నేం జెయ్యమంటవ్?"

"ఏంది బావా, నాకు సూపెట్టరా?" అంటూ శ్రావణ్ వచ్చి యోగేష్ మెడలోని కెమెరాను తనవైపు తిప్పుకున్నాడు. ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. "అగో, ఎంత మంచిగ నవ్వింది! ఫ్లెక్సీకి గిదే పెడదాం." తరువాత యోగేష్ కళ్లలోకి చూస్తూ, మర్యాద ఏమాత్రం తగ్గకుండా అన్నాడు. "చెయ్యి కందినట్టు కనబడుతుందన్నా. ఎడిటింగ్‌ల జర సాఫ్ చెయ్యి."

పొద్దు గుంకే ఫొటో ఇంకా మిగిలి ఉంది. బ్యాటరీ అయిపోయిందన్నాడు యోగేష్. ఇంకోటి సంచిలో ఉంది, పొద్దున చూశానన్నాడు శ్రావణ్. జీవన్ నేల చూస్తున్నాడు. పల్లవి అన్న ముఖం చూసింది, యోగేష్ ముఖం చూసింది, ఎవరూ పిలవకుండానే బురుజు మెట్లు ఎక్కింది. ఈసారి అడగకుండానే నవ్వింది.

మర్నాడు యోగేష్ ఒక్కడే బీర్కూర్ వెళ్లాడు. పల్లవి తండ్రి మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. యోగేష్ నోరు తెరవబోతుండగా పల్లవి తల్లి కనకరత్నం చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఫొటోలు మంచిగొచ్చినయట గద బిడ్డా. జీవన్ జెప్పిండు" అంది. కప్పు అందిస్తూ వంగి, మంచం మీది మనిషికి వినపడనంత మెల్లగా అంది. "నీకు దండం బెడత. ఏం మాట్లాడకు."

చాయ్ నాలుక కాలేలా ఉంది. అలాగే తాగి లేచి వచ్చేశాడు.

పెళ్లికి పోనని ఇంట్లో అన్నాడు. రమ చేతిలోని బీడీల చాట పక్కన పెట్టింది.

"నువ్వు పోకపోతె ఇంకొగలు తీస్తరు. పెండ్లేం ఆగది. పోతె ఆ పిల్లకు తెలిసిన మొకం ఒకటన్న కనబడుతది" అంది.

వెళ్లాడు. హాలు ముఖద్వారం మీద కౌలాస్ కోట ఫొటో నిలువెత్తున వేలాడుతోంది. దాన్ని యోగేష్ బాగుచెయ్యకుండా ఉన్నదున్నట్టే ఇచ్చాడు. శ్రావణ్ బోధన్‌లో ఎవరి చేతనో చేయించుకున్నాడు. చేతి మీద మచ్చ లేదు, గుర్తు లేదు. వచ్చినవాళ్లంతా దాని ముందు ఆగి సెల్ఫీలు దిగుతున్నారు. "స్పాట్ ఏడిదన్నా? అడ్రస్ పంపవా?" అని అడిగినవాళ్లందరి ముందూ యోగేష్ చెవిలో పడనట్టు నటించాడు. అప్పగింతలప్పుడు అందరూ ఏడ్చారు. ఆ ఏడుపుల్లో పల్లవి ఏడుపు ఎవరికీ వేరుగా వినపడలేదు. కెమెరా కళ్లకు అడ్డంగా ఉండటం ఆ రోజు యోగేష్‌కు మేలే అయింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట లేదు.

"చెల్లె, నువ్వేనా?" అన్నాడు.

ఫోను కట్టయింది. తిరిగి చేస్తే శ్రావణ్ పలికాడు.

"ఏందన్నా, మా అమ్మ నంబరుకు జేసినవ్? అంత మంచిదేనా?"

"పల్లవికి ఒకసారి ఇయ్యి శ్రావణ్."

"పండుకున్నదన్నా. లేసినంక జేయిస్త."

సాయంత్రం దాకా చూశాడు. ఆ ఫోను రాలేదు. యోగేష్ బీర్కూర్‌లోని జీవన్ దుకాణానికి వెళ్లి జరిగింది చెప్పాడు. జీవన్ షట్టరు దించి బండి తీశాడు. చీకటి పడేవేళకు ఇద్దరూ బోధన్ చేరారు.

అత్తగారు తలుపు తీసి, నవ్వుతూ కూర్చోమంది. పల్లవి మంచినీళ్లు తెచ్చింది. అంత ఉక్కపోతలోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని ఉంది. జీవన్ ఆమెను చూసి, "మంచిగున్నవా?" అన్నాడు. అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"మంచిగున్న" అంది పల్లవి.

"ఇంటికొస్తవా, నాలుగొద్దులు? అమ్మ యాది జేస్తుంది."

పల్లవి అత్తగారి వైపు చూసింది. దుకాణం పని ఎక్కువగా ఉందని, కోడలు లేకపోతే ఇల్లు నడవదని ఆమె అంది. అంతలో శ్రావణ్ వచ్చాడు. బావను కౌగలించుకున్నాడు, యోగేష్ వీపు తట్టాడు, మిర్చీలు తెప్పించాడు.

"కొత్త స్పాట్లు ఏమన్న దొరికినయా అన్నా? ఈసారి పిల్లనెత్తుకోని దిగుతం" అన్నాడు, భార్య కడుపు వైపు చూపిస్తూ.

తల దించుకునే ఉన్న పల్లవి అన్నకు మిర్చీల ప్లేటు అందించింది. జీవన్ ఒకటి తీసుకున్నాడు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

వచ్చేటప్పుడు ఆమె గేటు దాకా వచ్చింది. శ్రావణ్ ఆమె పక్కనే నిలబడి చెయ్యి ఊపాడు.

సగం దారిలో జీవన్ బండి పక్కకు తీసి ఆపేశాడు. చెరుకు కొట్టేసిన పొలాల మీద నుంచి వేడిగాలి వస్తోంది. హ్యాండిల్ మీద తల ఆనించి, "ఆ దినం నువ్వు సూపెట్టినవ్ యోగీ. నేను జూసిన" అన్నాడు. తరువాత భుజాలు ఎగిసిపడేలా ఏడ్చాడు.

వాహనాలు పోతూనే ఉన్నాయి. కాసేపటికి యోగేష్ జీవన్‌ను మెల్లగా వెనక సీటు మీదికి జరిపి, తను ముందు కూర్చుని బండి స్టార్ట్ చేశాడు.