పొడిగా ఉండాల్సిన మర

ఐదు చిల్లులు. ఒకదాని కింద ఒకటి, చొక్కా బొత్తాల్లా. షూటింగు రేంజి కార్యదర్శి ఆ కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తి, అక్కడున్న పాతికమందికీ కనబడేట్టు అటూ ఇటూ తిప్పాడు. అలా తిప్పడం చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పుడు తలుచుకున్నా ఎక్కుతుంది.

ఆ చిల్లులు పడింది మా నాన్న బాగుచేసిన పిస్టల్‌తో. పేల్చింది నేను తయారుచేసిన స్టాండు మీద బిగించి. అంటే ఆ కాగితం మీద మా ఇంట్లో ఇద్దరి పనీ ఉంది. మా నాన్న ఆ షూటింగు రేంజిలో తుపాకుల మేస్త్రి. ఇరవై రెండేళ్ళుగా తుపాకుల గది తాళాలు ఆయన నడుముకే ఉన్నాయి. నాకు రేంజి వెనక వీధిలో చిన్న లేతు షాపు ఉంది. రేంజివాళ్ళు నాకు టపాకాయ అని పేరు పెట్టారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళు పొరబడలేదు.

గొడవ పళ్ళ డాక్టరుతో మొదలైంది. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని, బదులు చెప్పలేకుండా పడుకుని ఉండగా మాట్లాడటం ఆయనకు అలవాటు. బయట కూడా మనుషులు అలాగే ఉంటారనుకుంటాడు. ఆయన పిస్టల్ బారెల్ ఆడుతోందని తెస్తే, నాన్న రెండు రోజులు కూర్చుని దాన్ని బిగించాడు. ఆ వారమే జరిగిన పోటీలో డాక్టరు చివరినుంచి రెండోవాడిగా వచ్చాడు. తన చెయ్యి వణికిందని ఏ మగమహారాజు ఒప్పుకుంటాడు? మేస్త్రి పని చెడగొట్టాడని కమిటీకి కాగితం రాసిచ్చాడు. కార్యదర్శి నాన్నని అందరి మధ్యా నిలబెట్టి సంజాయిషీ అడిగాడు.

మా నాన్న నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని తన గోళ్ళు తనే చూసుకుంటూ నిలబడ్డాడు. చూడలేక నేను మధ్యలో దూరాను.

"సార్, డాక్టరుగారి చెయ్యి పక్కన పెట్టండి. పిస్టల్ని నా స్టాండులో బిగించి పేల్చండి. తప్పు తుపాకిదో చేతిదో తేలిపోతుంది."

"వద్దులే అమ్మడూ" అన్నాడు నాన్న మెల్లగా.

"ఎందుకొద్దు? నీ పని మీద నీకు నమ్మకం లేదేమో. నాకుంది."

ఆ మాట పాతికమంది విన్నారు.

స్టాండు గురించి కొంచెం చెప్పాలి. రేంజిలో బల్లల మీద మామూలు దన్నులుంటాయి. ఇసుక సంచి మీద మణికట్టు ఆనించుకుని గురి చూస్తారు. అది చేతికి ఆసరా ఇస్తుంది గానీ చేతిని తప్పించలేదు. నేను చేసింది వేరు. బరువైన ఇనప పీట, దాని మీద వెనక కదలని దిమ్మ, ముందు ఎత్తు మార్చుకునే నిలువు కడ్డీ. పిస్టల్ ఆ రెంటి మీదా ఉన్న ఇనప దవడల్లో కూర్చుంటుంది. కడ్డీని పైకో కిందికో జరిపి, పక్కనున్న బిగింపు మర తిప్పితే అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు, మీట నొక్కడమే. ముందు కడ్డీ వెంట్రుకవాసి దిగితే చాలు, పాతిక మీటర్ల అవతల తూటా వేలి వెడల్పు కిందికి పోతుంది. అందుకే దానికి ఎనిమిది నెలలు పట్టింది. మొదట చేసిన రెంటినీ తుక్కులో పారేశాను. మూడోదాన్ని నాన్న వేలితో నిమిరి చూసి, "ఇది నిలబడుతుంది" అన్నాడు. ఆ మనిషి దగ్గర అంతకు మించిన మెప్పు లేదు.

పరీక్ష పెట్టిన రోజు పొద్దున దాన్ని తుడిచి, సర్ది, నేనే మోసుకెళ్ళాను. కార్యదర్శి తన చేత్తో పిస్టల్ బిగించాడు, తన చేత్తో మీట నొక్కాడు. ఐదుసార్లు. కాగితం తెచ్చాక చూస్తే బొత్తాల వరస.

"ఒక్కో తూటాకీ బారెల్ కిందికి జారుతోందన్నమాట" అన్నాడు డాక్టరు. "నా చెయ్యి ఇందులో లేదు కదమ్మా?"

నాన్న ముందుకొచ్చి కాగితం అడిగి తీసుకున్నాడు. మొదటి చిల్లు మీద బొటనవేలి గోరు పెట్టి రెండోదాకా కొలిచాడు. రెండోదాన్నుంచి మూడోదానికి. అలా చివరిదాకా కొలిచి, ఒక్కసారి స్టాండు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. కాగితం మడిచి కార్యదర్శికి ఇచ్చేశాడు.

"తప్పు నాదే సార్" అన్నాడు.

"మరి తాళాలు ఇక్కడ పెట్టు మేస్త్రీ. రేపట్నుంచి టార్గెట్ కాగితాలు అతికించే పని చూసుకో. తుపాకుల జోలికి రాకు."

నడుముకున్న గుత్తి విప్పుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆ ముడి రోజూ విప్పేది కాదు. అంతసేపూ అందరూ చూస్తూ నిలబడ్డారు. ఒక్కడైనా తల తిప్పుకుంటే వాడికి జన్మంతా దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఇంటికెళ్ళేదాకా నేను ఆగలేదు. దారి పొడుగునా ఆయన్ని కడిగేశాను. "ఎందుకొప్పుకున్నావు? ఇంకోసారి పేల్చండి అనడానికి ఏమడ్డొచ్చింది? నీకు పౌరుషం అనేది ఉందా?" ఆయన సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు, అంతే. ఇంటి దగ్గర అమ్మ విషయం విని, పొయ్యి కట్టేసి, కుర్చీలో కూలబడింది.

"ఇరవై రెండేళ్ళు చేసి కాగితాలకి జిగురు రాస్తారా?" అంది.

"జిగురు కూడా సరిగ్గా రాయాలిగా" అన్నాడు నాన్న.

నేను పళ్ళెం విసురుగా తోసేసి బయటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున షాపు తీసి తిన్నగా స్టాండు మీద పడ్డాను. అది చక్కగా ఉందని లెక్కగా తేల్చి, ఆ తేల్చిన కాగితం తీసుకెళ్ళి కార్యదర్శి మొహాన కొట్టాలని నా ఉద్దేశం. స్టాండు సరిగ్గా ఉంటే తప్పు నాన్నదే అవుతుందన్న ఆలోచన కూడా రాలేదు. కోపంలో నాకు బుర్ర మోకాల్లోకి దిగుతుంది. కడ్డీ నెత్తిన, వెంట్రుకవాసి కదలికనైనా చూపించే డయల్ గేజి పెట్టి, సూదిని సున్నా మీదకి తెచ్చి, పిస్టల్ అదిరినట్టుగా దవడ మీద రబ్బరు సుత్తితో ఒక దెబ్బ వేశాను.

సూది ఒక గీత దిగింది.

ఇంకో దెబ్బ, ఇంకో గీత. ఐదు దెబ్బలకి ఐదు గీతలు. మర ఎంత బిగించినా అంతే. చేత్తో ఊపితే మాత్రం ఆవగింజంత కూడా కదలదు.

బిగింపు మర పూర్తిగా విప్పి బయటికి తీశాను. కొన తళతళలాడుతోంది. వేళ్ళ మధ్య రుద్ది చూస్తే నూనె. కడ్డీ మీద, మర వచ్చి ఆనే చోట, పల్చగా నూనె. ఆ రెండు చోట్లా ఒట్టి పొడిగా ఉండాలి. ఆ సంగతి స్టాండు నమూనా గీసుకున్న కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నది నేనే.

ఎవరు వేశారా అని ఆలోచించే పని కూడా లేకపోయింది. నా కుడిచేతి పక్కన, ఎప్పుడూ ఉండే చోటే, నూనె డబ్బా ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ డబ్బా నా చేతికిచ్చి నేర్పిన మొదటి పని ఇది: నూనె చుక్క పడకుండా ఏ మరా గడప దాటకూడదు. అప్పట్నుంచీ షాపులోంచి ఏది బయటికెళ్ళినా ప్రతి మరకీ ఒక చుక్క. పరీక్ష రోజు పొద్దున స్టాండు తుడుస్తూ, కార్యదర్శిని మనసులో తిట్టుకుంటూ, నా చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

సుత్తి గోడకేసి కొట్టాను. తర్వాత ఇంటికి పరిగెత్తాను.

నాన్న పెరట్లో కారుతున్న కొళాయికి వాషరు మారుస్తున్నాడు. కాగితాల పనికి ఇంకా వెళ్ళలేదు. మరని ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"నీకు ముందే తెలుసు కదూ?"

ఆయన మరని చూడలేదు. "తెలుసు."

"ఎలా?"

"బారెల్ వదులైతే తూటాలు దాని ఇష్టమొచ్చినట్టు పోతాయి. అలా సమానంగా కొలిచినట్టు దిగవు. అలా దిగేది జారే కడ్డీయే."

"మరి నోరెందుకు మూసుకున్నావు?"

ఆయన కొళాయి తిప్పాడు, కట్టాడు, మళ్ళీ తిప్పాడు. "నువ్వు పదిమంది ముందు పెట్టిన మొదటి వస్తువు అది. పాడని తేలితే మళ్ళీ నీ దగ్గరికి ఎవడొస్తాడు? నాకింకా ఉన్న ఉద్యోగం నాలుగేళ్ళు. నువ్వు చెయ్యాల్సింది చాలా ఉంది. అయినా నూనె వెయ్యమని నేర్పింది నేనే కదా."

నాకు ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ ఒళ్ళు మండింది. "నన్ను అడిగావా? నా తప్పు నువ్వు మోస్తే నేను చల్లగా కూర్చుని ఇంకో స్టాండు చేసుకోవాలా? రేపు నువ్వు జిగురు డబ్బా పట్టుకుని తిరుగుతుంటే ఆ గేటు ముందునుంచి నేను ఎలా నడవాలి?"

"అరవకు. పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ" అని వచ్చేశాను.

సభ్యులంతా వచ్చే వేళకి స్టాండు భుజాన వేసుకుని రేంజికి వెళ్ళాను. నూనె సంగతి, నా చెయ్యి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. కార్యదర్శి తాపీగా విన్నాడు.

"ఏమ్మా, మొన్న స్టాండు అబద్ధమాడదన్నావు. ఇవాళ ఆడిందంటున్నావు. నాన్నకోసం రేపు ఇంకోటంటావు. నీ మాటల్లో ఏది నమ్మాలి?"

"నా మాట నమ్మొద్దు సార్. మీ పిస్టల్ ఇవ్వండి."

ఆయన పిస్టల్‌ని ఎవరూ ముట్టుకోరు. దాన్ని ఏ ముక్కాలి పీట మీద పెట్టినా ఐదు తూటాలూ ఒకే చిల్లులోంచి పోతాయని ఆయన చెప్పని రోజు లేదు. అదే ఆయనకి గుర్తు చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇవ్వనంటే పరువు పోయేట్టుంది, ఇచ్చాడు.

అందరూ చూస్తుండగా బిగింపు మరకి నేనే ఒక చుక్క నూనె వేశాను. పిస్టల్ బిగించి, మీట ఆయన్నే నొక్కమన్నాను. ఆయన నొక్కుతుంటే నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. ఎనిమిది నెలలు నిద్ర మానుకుని చేసిన వస్తువు పాతికమంది కళ్ళ ముందు పాడని తేలాలని కోరుకుంటూ నిలబడ్డాను. ఈ గతి పట్టించినందుకు డాక్టర్ని, కార్యదర్శిని, నాన్నని, ముఖ్యంగా నన్ను, మనసులో తిట్టని తిట్టు లేదు.

కాగితం వచ్చింది. ఐదు బొత్తాలు.

కార్యదర్శి దాన్ని ఈసారి పైకెత్తలేదు. నేను లాక్కుని ఎత్తాను, అటూ ఇటూ తిప్పాను, నిన్న ఆయన తిప్పినంతసేపూ తిప్పాను. తర్వాత మర విప్పి, కొననీ కడ్డీనీ స్పిరిట్‌తో తుడిచి, పొడిగుడ్డతో రుద్ది, మళ్ళీ బిగించాను. ఆయన పిస్టల్ ఐదూ గోరంత చోట వేసింది. డాక్టరు పిస్టల్ పెట్టాను. అదీ అంతే, ఐదూ గోరంత చోట.

"మరి పోటీ రోజున…" అన్నాడు డాక్టరు.

"ఆ రోజు గాలి బాగా వీచింది లెండి" అన్నారెవరో వెనకనుంచి. రేంజికి నాలుగు గోడలు, పైన కప్పు ఉన్నాయి.

కార్యదర్శి సొరుగు లాగి తాళాల గుత్తి తీశాడు. నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు. "మేస్త్రిని రమ్మను. కానీ నీ స్టాండు మాత్రం మళ్ళీ ఈ గేటులోకి రాకూడదు. ఒక్క చుక్కకి పాడయ్యే వస్తువు మాకొద్దు."

ఒక్కో బల్లకీ అలాంటిదొకటి పెట్టిద్దామని అంతకు ముందు నెలలో అన్నది ఈయనే. నేను గుత్తి తీసుకుని, స్టాండు ఎత్తుకుని బయటికొచ్చాను. వస్తున్నంతసేపూ ఆ గుత్తి నా గుప్పిట్లో గుచ్చుకుంటూనే ఉంది.

తాళాలు నాన్న ముందు పెడితే, ఆయన నా జీవితంలో మొదటిసారి నా మీద గొంతు పెంచాడు.

"నీ పని పాడని నీ అంతట నువ్వే చూపించావా? పదిమందిలో?"

"పాడైంది నా పనే గనక నేనే చూపించాను. నువ్వు నీది కాని తప్పు పదిమందిలో నెత్తిన వేసుకోలేదా?"

ఆయన గుత్తి నడుముకి కట్టుకోబోతే, విప్పినప్పుడు పట్టినంతసేపు పట్టినా ముడి పడలేదు. అమ్మ వంగి ఆ ముడి వేసింది.

మర్నాడు పనికెళ్తూ ఆయన నా షాపు ముందు ఆగాడు. లోపలికొచ్చి, నా కుడిచేతి పక్కనున్న నూనె డబ్బా తీసి, గోడ మీద అన్నిటికంటే పై అలమరలో పెట్టి, తాళాలు చప్పుడవుతుండగా వెళ్ళిపోయాడు.

నా కోపం ఇంకా తగ్గలేదు. నాలుగో స్టాండు మొదలుపెట్టాను. నూనె కావాల్సినప్పుడల్లా తొమ్మిదేళ్ళప్పటి ఆ స్టూలు జరుపుకుని, ఎక్కి, దించుకుంటున్నాను.