మళ్ళీ నొక్కు

"కుర్చీలో కూర్చుని మీటలు నొక్కి రావడమేగా, దానికే అలసిపోతే ఎలా?" అన్నారు మా ఆయన, నేను గిన్నెలు తోముతుంటే. మామూలుగా అయితే ఆ మాటకు ఒళ్ళు మండేది. ఇవాళ మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే ఇవాళ ఆఫీసులో నేను నిజంగానే ఒక మీట నొక్కి వచ్చాను. ఆ సంబరం ఇంకా చల్లారలేదు.

మా ఆయన చెడ్డవారు కాదు. ప్రతిదానికీ "నీ ఇష్టం" అంటారు. ఆ వెంటనే "కాకపోతే మళ్ళీ ఓసారి ఆలోచించుకో" అంటారు. కిటికీ తెరలకు పసుపు రంగు అన్నాను. ఆలోచించుకోమన్నారు. ఆకుపచ్చ అన్నాను. మళ్ళీ ఆలోచించుకోమన్నారు. చివరికి బూడిద రంగు దగ్గరకు వచ్చాక, "చూశావా, నువ్వే అన్నావు" అన్నారు. పై ఉద్యోగానికి పరీక్ష రాస్తానన్నప్పుడూ ఇదే వరస. ఆలోచించీ ఆలోచించీ, రాయనని నా నోటితో నేనే చెప్పాను. "మొగుడు ఇంత స్వేచ్ఛ ఇస్తే ఇంకేం కావాలమ్మాయ్" అనేవారు అత్తయ్య. నిజమే కాబోలు అనుకునేదాన్ని, బూడిద రంగు తెరలు ఉతుకుతూ.

మాది నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీ. ఏటా ఒక రోజు డీలర్లందర్నీ పిలిచి కొత్త పంపులు చూపిస్తారు. ఆ రోజుకి ఆఫీసంతా నాలుగు జట్లు. గుమ్మం దగ్గర పలకరించేవాళ్ళు, కుర్చీలూ మైకూ చూసుకునేవాళ్ళు, పంపులు ఆడించి చూపేవాళ్ళు, భోజనాలు వడ్డించి ప్లేట్లు ఎత్తేవాళ్ళు. ఆడవాళ్ళందరం ఏటా ఆ చివరి జట్టులోనే ఎలా పడతామో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఏళ్ళ తరబడి ఫోన్లో పంపుల గురించి మాట్లాడుతున్నాను గాని, స్విచ్ వేయగానే నీళ్ళు ఎగజిమ్మడం ఒక్కసారీ చూడలేదు. ఆ సమయానికి నేను వెనక గదిలో గ్లాసులు తుడుస్తూ ఉంటాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ స్విచ్ నా చేత్తో వెయ్యాలని ఎంత కోరికో!

ఈసారి మైకు దగ్గర ఎవరుండాలని మగవాళ్ళలో వాళ్ళకే తగువొచ్చింది. నిన్న మేనేజరు విసిగిపోయి నా దగ్గరకొచ్చారు. "చూడమ్మా, ఎక్సెల్లో లాటరీ లాంటిదేదో ఉంటుందటగా. అందరి పేర్లూ వేసెయ్. నాది కూడా. ఎవరికి ఏది వస్తే అది."

ఎలా చేయాలో నిన్న రాత్రి ఇంట్లో ఫోన్లో వీడియో చూశాను. సగంలో పాలు పొంగితే ఆపేశాను గాని, ఆ సగంతోనే పని జరిగింది. పేర్లన్నీ ఒక వరసలో పెట్టి, పక్క వరసలో సమానం గుర్తూ, ర్యాండ్ అన్న మాటా, ఖాళీ బ్రాకెట్లూ రాస్తే, ప్రతి పేరుకీ ఒక అంకె దానంతటదే పడుతుంది. ఆ అంకెల్ని బట్టి మూడో వరసలో జట్టు వస్తుంది. పై వరసలో ఎఫ్ నైన్ అన్న మీట నొక్కితే మళ్ళీ కొత్త అంకెలు, కొత్త జట్లు. ఎవరు మేనేజరో, ఎవరు ఆడో, ఎవరు మగో ఆ అంకెకు తెలియదు. నేనెవరో తెలుసుకోకుండానే నాకు పని అప్పజెప్పేది ఒకటి ఈ లోకంలో ఉందన్నమాట! ఆ సంగతి తట్టగానే నా చెవులు వేడెక్కాయి.

ఇవాళ మేనేజరు నా కుర్చీ వెనకాల నిలబడ్డారు. మొదటిసారి నొక్కాను. ఆయనకు వడ్డన వచ్చింది.

"అబ్బే, ఇదేదో తేడాగా ఉంది. మళ్ళీ నొక్కు."

రెండోసారి ఆయన గుమ్మం దగ్గరకు వెళ్ళారు గాని, ఆయన ప్రాణస్నేహితుడు క్యాషియరు ప్లేట్ల దగ్గర పడ్డాడు. "పాపం వాడికి నడుం నొప్పి. మళ్ళీ నొక్కు." నడుం నాకూ ఉందని ఎవరూ అనుకున్నట్టు లేదు.

నొక్కుతూ పోయాను. ఒకసారి నేనూ, నా పక్క సీటావిడా, రిసెప్షన్ అమ్మాయీ కట్టగట్టుకుని వడ్డనలో పడ్డాం. మేనేజరు మొహం వెలిగిపోయింది. "ఆఁ! చూశావా, అదృష్టం కూడా ఎవరి పని వాళ్ళకే ఇచ్చింది. ఇదే ఖాయం. పైన హెడ్డింగ్ పెట్టి అందరికీ పంపెయ్" అంటూ ఫోన్ మోగితే బయటికి వెళ్ళిపోయారు.

ఈ వరస నాకు కొత్తా? తమకు కావలసింది వచ్చేదాకా తిప్పడం, వచ్చాక ఇంట్లో అయితే దాన్ని నా ఇష్టం అనడం, ఇక్కడైతే అదృష్టం అనడం. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే సరిపోదు వీళ్ళకి, ఆ మాట కుందేలు చేత కూడా అనిపించాలి. ఏడుపొచ్చింది. ఏడిస్తే హెడ్డింగ్ పడదుగా, టైపు చేసి ఎంటర్ కొట్టాను.

అంకెలన్నీ ఒక్కసారిగా మారిపోయాయి!

షీటులో ఎక్కడ ఏం రాసినా ర్యాండ్ మళ్ళీ కొత్త అంకెలు వేస్తుందట. చూడకుండా ఆపేసిన సగంలో ఉందా ముక్క. మేనేజరు వడ్డనలో. క్యాషియరూ వడ్డనలో. నేను... కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను... పంపుల దగ్గర! ఇందాకటి జట్లు నాకు గుర్తున్నాయి, కావాలంటే చేత్తో రాసెయ్యొచ్చు. కానీ అవన్నీ ఒకరు నొక్కమంటే వచ్చినవి. ఇదొక్కటే ఎవరూ అడక్కుండా వచ్చింది. లాటరీ అంటే ఇదే కదా!

మిగతా సగం వీడియో అప్పుడే చూశాను. మొత్తం కాపీ చేసి, అదే చోట ఉన్నది ఉన్నట్టు పేస్ట్ చేసేస్తే ఇక కదలదట. చేశాను. అందరికీ పంపేశాను.

మేనేజరు పరుగున వచ్చారు. "ఏమిటమ్మా ఇది?"

"లాటరీ సార్. మీరన్నట్టే, ఎవరికి ఏది వస్తే అది."

"మళ్ళీ నొక్కు."

"ఇంక మారదు సార్. పేస్ట్ చేసేశాను."

అప్పటికే అందరూ చదివేసి నవ్వుకుంటున్నారు.

ఇంటికి రాగానే ఇదంతా అత్తయ్యకు చెప్పాను. కూరలు తరుగుతున్నవారు కత్తి పక్కన పెట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "మేనేజరు ప్లేట్లు ఎత్తుతాడా! ఆ లాటరీ ఏదో నాకూ ఓసారి చూపెట్టమ్మాయ్" అన్నారు.

అందుకే ఇప్పుడు, మా ఆయన మీటల మాట అనగానే, గిన్నెలు సగంలో వదిలి చేతులు తుడుచుకున్నాను. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. అత్తయ్య, మా ఆయన, మా కూతురు, నేను, నలుగురి పేర్లూ రాశాను. వంట, గిన్నెలు, బట్టలు, ఏ పనీ లేదు.

"నేనూ ఉన్నానా అందులో?" అన్నారు అత్తయ్య, కళ్ళజోడు సర్దుకుంటూ.

నొక్కాను. నాకు వంటే వచ్చింది. అయినా ఫరవాలేదు, ఇది నాకు వచ్చిన వంట, నా నెత్తిన పడ్డ వంట కాదు. మా కూతురికి బట్టలు. మా ఆయనకు గిన్నెలు. అత్తయ్య తన పేరు పక్కనున్నది కూడబలుక్కుని చదివారు. "ఏ పనీ లేదా? నాకా?" అని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నారు.

మా ఆయన నవ్వారు. "సరదాగానే ఉంది. ఏదీ, మళ్ళీ నొక్కు."

అత్తయ్య చెయ్యి వచ్చి మీటల మీద అడ్డంగా పడింది.

"ముందు దాన్ని పేస్ట్ చేసెయ్యమ్మాయ్! లేకపోతే వీడు మళ్ళీ ఆలోచించుకోమంటాడు."