పావుగంట

ఆ పిల్ల అసలు పేరు నాకనవసరం. నేను పెట్టిన పేరు పావుగంట. మనిషి నా భుజం దాకా రాదు, గొంతు మాత్రం డిపో అంతా వినిపిస్తుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. కుడి మోకాలికి ఆపరేషనయ్యాక నన్ను డిపో వెనకున్న ఫిజియోథెరపీ గదికి పంపారు. అప్పటి నుంచీ ఆమె పాలబడ్డాను.

ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. నెలాఖరు సోమవారం నాకు పరీక్ష. మోకాలు మడవాలి, బ్రేకు తొక్కి పట్టాలి. నెగ్గితే స్టీరింగు. తప్పితే డిపో గేటు దగ్గర కుర్చీ, వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాసుకుంటూ రిటైరయ్యేదాకా అందులోనే. చచ్చినా ఆ కుర్చీలో కూర్చోనని ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ చెప్పేశాను.

మొదటిరోజే ఆమె దూది పట్టుకొచ్చింది.

“కళ్ళు మూసుకోండి. దూది తగిలినప్పుడల్లా చెప్పండి.”

మోకాలిచిప్ప కింద, కోత పక్కన అరచేయంత మేర నాకు స్పర్శ లేదు. ఆ సంగతి ఆస్పత్రిలోనే తెలిసింది. కానీ చెబితే కాగితం మీద ఎక్కుతుంది. మొద్దుబారిన కాలికి బ్రేకు ఎవడిస్తాడు? ఎదురుగా గోడకు నిలువుటద్దం ఉంది. అద్దంలో ఓరగా చూడటం నాకు ఇరవై ఆరేళ్ళ విద్య. రెప్పల సందులోంచి ఆమె చెయ్యి చూస్తూ “తగిలింది, ఇదిగో తగిలింది” అన్నాను. లోపల్లోపల నవ్వుకున్నాను కూడా.

“సరే, అయితే ఇంటి దగ్గర వ్యాయామం అయ్యాక ఐసు ప్యాకు పెట్టుకోవచ్చు” అని, నన్ను వదిలేసి, నా వెంట వచ్చిన మా ఆవిడ వైపు తిరిగింది. “పలచటి తువ్వాలు చుట్టి పెట్టాలమ్మా, ఉత్త చర్మం మీద వద్దు. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పావుగంటే. మధ్యలో తీసి చర్మం చూడండి. తెల్లబడినా, మంట పుట్టినా వెంటనే తీసేయాలి. పెట్టుకుని నిద్రపోనివ్వకండి.”

“కాలు నాదా, ఆవిడదా?” అన్నాను.

“మీరు వినడం లేదుగా, అందుకే ఆవిడకు చెబుతున్నాను.”

ఎంత పొగరు! నా కూతురి ఈడుది.

వారం రోజులు అలాగే నడిచింది. మా ఆవిడ తువ్వాలు చుట్టేది, వంటింటి గడియారానికి అలారం పెట్టేది, అది మోగగానే “ఏవండీ, అయిపోయింది” అంటూ వచ్చి ప్యాకు లాగేసేది. గదిలో ఒక పావుగంట చాలదన్నట్టు ఇంట్లో ఇంకొకటి.

శుక్రవారం పొద్దున డిపోకు వెళ్తే, నా బండిని ఎవడో కొత్తవాడికి ఇచ్చారని తెలిసింది. మేనేజరుతో పోట్లాడి, తోటి డ్రైవర్ల దగ్గర అక్కసంతా కక్కి ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. మోకాలు వాచిపోయింది. రెండుసార్ల ఐసు ఎగిరిపోయింది.

బస్సు లేటయితే డ్రైవరు ఏం చేస్తాడు? పోయిన టైము దారిలో కవరు చేస్తాడు. మూడు పావుగంటలు కలిపితే ముప్పావుగంట, ఒకే ట్రిప్పులో సరి! చల్లదనం గట్టిగా దిగాలని తువ్వాలు అవతల పడేశాను. ప్యాకును పట్టీతో బిగించాను. మా ఆవిడ పెట్టిన అలారం నొక్కి ఆపేశాను.

“వద్దండీ, ఆ అమ్మాయి పావుగంటే అంది.”

“నువ్వూ అదీ కలిసి నన్ను ఏలుతున్నారా? పో లోపలికి!” అని అరిచాను. వంటింట్లోకి పోయింది.

నొప్పి లేదు, మంట లేదు. హాయిగా కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి గంట దాటింది. పట్టీ విప్పితే, ఆ స్పర్శ లేని చోట చర్మం మైనంలా తెల్లగా, గట్టిగా ఉంది. తెల్లారేసరికి నీటిపొక్కులు లేచాయి.

పావుగంట అది చూసి, గంటసేపు ఉంచానని మా ఆవిడ చెప్పగా విని, ముఖం గంటు పెట్టుకుంది. “ఐసు కూడా కాలుస్తుంది. ముందు డాక్టరుకు చూపించండి. ఇది మానేదాకా మోకాలు వంచడానికి లేదు. మూడు వారాలు పట్టొచ్చు.”

“మరి సోమవారం పరీక్ష?”

“ఎలా వెళ్తారు?”

గోరుచుట్టుపై రోకటిపోటు. ఆ మంటలోనే మేనేజరుకు ఫిర్యాదు రాసిచ్చాను. ఐసు ఎలా వాడాలో ఆమె చెప్పనేలేదని, నా కాలు కాల్చిందని రాశాను. తప్పు చికిత్స చేసినవాళ్ళదైతే పరీక్షకు ఇంకో తేదీ ఇస్తారు. మనదైతే గేటే. ఆమె ఉద్యోగం పోతుందేమో అనిపించింది. పోతే పోనీ అనుకున్నాను.

సోమవారం గడిచిపోయింది. మంగళవారం మమ్మల్ని ముగ్గురినీ మేనేజరు గదికి పిలిచారు.

“ఏమీ చెప్పలేదంటున్నాడు” అన్నాడు మేనేజరు.

“చెప్పాను సార్. ఈవిడా విన్నారు.”

మా ఆవిడ వైపు గుడ్లురిమి చూశాను. గుర్తులేదంటే చాలని దారి పొడుగునా నూరిపోశాను. “నాకు… నాకేం…” అని నసిగి తల దించుకుంది.

“ఆవిణ్ణి ఎందుకులెండి” అని పావుగంట సంచిలోంచి దూది తీసింది. “ఆరోజు ఈయనకు అన్నిచోట్లా తెలిసిందన్నారు. తెలిసిన మనిషి అంత చలి గంటసేపు ఎలా ఓర్చుకున్నారో నాకు అర్థం కావడం లేదు. ఇంకోసారి చూద్దాం.”

ఆ గదిలో అద్దం లేదు. అయినా రెప్పలున్నాయిగా, సందు చేసుకోవచ్చు. కళ్ళు మూశాను.

“అమ్మా, మీ చేత్తో మూయండి” అంది మా ఆవిడతో.

మా ఆవిడ అరచేతులు నా కళ్ళ మీద పడ్డాయి. వేళ్ళు కాస్త ఎడం చేస్తుందనే అనుకున్నాను. చెయ్యలేదు. ఇంకా గట్టిగా అదిమింది.

ఎవరూ మాట్లాడటం లేదు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎంతసేపని ఓపిక పట్టను?

“ఏమ్మా, మొదలుపెట్టు! నాకేం వేరే పనుల్లేవా?”

మా ఆవిడ చేతులు తీసింది. దూది బల్ల మీద పడుంది.

“ఆరుసార్లు తాకించిందయ్యా” అన్నాడు మేనేజరు.

పావుగంట తన కాగితాలు సర్దుకుంటూ అంది. “కోత పడ్డవాళ్ళలో చాలామందికి ఆ చోట మొద్దుగానే ఉంటుంది. ముందే చెప్పుంటే ఐసు వద్దనేదాన్ని, అంతే. బ్రేకు తొక్కేది పాదం. మీ పాదం బాగుందని మొదటిరోజే రాశాను. మోకాలు కూడా బాగానే మడుస్తున్నారు. సోమవారం నెగ్గేవారు.”

ఆ గొంతులో జాలి లేదు. ఉంటే కనీసం తిట్టిపోయడానికైనా వీలుండేది.

ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో ఉన్నాను. మొదటిరోజు మధ్యాహ్నం నా పాత బండి దుమ్ము రేపుకుంటూ లోపలికొచ్చింది. కొత్త డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

“ఇరవై నిమిషాల లేటన్నా! దారిలో మొత్తం కవరు చేసేశా!”

“ఎవడు కవరు చెయ్యమన్నాడురా నిన్ను?” గేటు అదిరేలా అరిచాను. “లేటయితే లేటుగానే రా, దరిద్రుడా!”

వాడు బిత్తరపోయి నన్ను చూశాడు. పుస్తకం తెరిచి నంబరు రాసుకున్నాను.