చేతులు ఒళ్ళోనే

గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫాలోని ఆ అరబ్బుల ఇంట్లో, పనిమనిషి శ్యామలను నవ్వించే ఆట వేసవి సెలవుల్లో మొదలైంది. బయట అడుగు పెడితే చెప్పులు కరిగే ఎండ. ఏసీ కింద కూర్చున్న పిల్లలకు పొద్దు పోవడం లేదు. ఒకనాటి మధ్యాహ్నం భోజనాల పళ్ళేలు తీస్తున్న శ్యామల ముందు పెద్దపిల్ల నూరా ఫోన్ పెట్టి ఒక వీడియో చూపించింది. అందులో ఒక గాడిద మూతితో కొళాయి తిప్పుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ కొళాయి కట్టేసి మరీ పోతోంది. చిన్నపిల్ల ఐషా నవ్వీ నవ్వీ సోఫా మీంచి కిందికి జారింది. శ్యామల చివరిదాకా చూసి, తనకొచ్చిన అరబ్బీలో మంచి గాడిద అని చెప్పి, పళ్ళేలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాట పిల్లలకు గాడిద కంటే ఎక్కువ నవ్వు తెప్పించింది. మర్నాడు నూరా శ్యామలను కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో వీడియో చూపిస్తూ ఆమె ముఖాన్ని రెండో ఫోన్‌తో తీసింది. గిరజాల గొర్రె ఒకటి మంగలి కుర్చీలో కూర్చుని బుద్ధిగా క్షవరం చేయించుకుంటోంది. శ్యామల ముఖంలో ఏమీ కదల్లేదు. మధ్యలో ఒకసారి చెమట తుడుచుకుందామని చెయ్యెత్తింది. నూరా ఒప్పుకోలేదు. ముఖం పూర్తిగా కనిపించాలి, అదీ ఆట. "హ్యాండ్స్ డౌన్, శామలా" అంది. శ్యామల చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆనాటి నుంచి అదే పద్ధతయింది.

ఆ ఇంటి ఆడపిల్లల ముఖాలు ఇంటర్నెట్‌లో పెట్టరు. వాళ్ళమ్మ ఆ విషయంలో చాలా పట్టింపు మనిషి. నూరా గొంతు వినబడవచ్చు, వేలి కొసలు కనబడవచ్చు, అంతవరకే. శ్యామల ముఖాన్ని నూరా పెట్టేస్తే ఎవరూ ఏమీ అనుకోలేదు. శ్యామల కూడా అనుకోలేదు.

జనానికి ఆ ముఖం తెగ నచ్చింది. ఈమెను నవ్వించండి చూద్దాం అని నూరా అడిగిందో లేదో, ఎక్కడెక్కడి వాళ్ళో వీడియోలు పంపడం మొదలుపెట్టారు. వాషింగ్ మెషీన్ లాగా కూతపెట్టే చిలక వచ్చింది. తాతగారి కట్టుడుపళ్ళు పులుసులో పడితే గరిటెతో వెతుకుతున్న కుటుంబం వచ్చింది. పెళ్ళిఫోటోలో అందరి వెనకా నిలబడి ఆవులిస్తున్న ఒంటె వచ్చింది. రోజూ మధ్యాహ్నం అంట్లు తోమాక, ఇస్త్రీకి ముందు, శ్యామల కుర్చీలో కూర్చుని లోకంలోని వింతలన్నీ చూసేది. చూస్తే ముచ్చటగానే ఉండేవి. ఆ ముచ్చట ఎక్కడో గాజు తలుపు అవతల ఉన్నట్టుండేది. చూసి, లేచి, ఇస్త్రీకి పోయేది.

ఆమెకేమీ పెద్ద దుఃఖం లేదు. మొగుడు ఓబులయ్య టమోటా లారీల వెంట తిరిగి తిరిగి మదనపల్లెలో ఇంకో కాపురం పెట్టుకున్నప్పుడు కొన్నాళ్ళు ఏడ్చింది. కూతురు నాగవేణిని తల్లి ఆంజనమ్మ దగ్గర వదిలి ఇక్కడికొచ్చాక ఏడుపు ఆగింది. మెయిన్ స్విచ్ ఆపితే ఫ్యానూ ఆగుతుంది, దీపమూ ఆరుతుంది. దాంతోపాటు ఇంకా ఏమేం ఆగాయో ఆమె చూసుకోలేదు.

దానికితోడు, నోరు తెరిచి నవ్వడం ఆమెకు అలవాటే లేదు. నవ్వు నాలుగు విధాల చేటని ఆంజనమ్మ పెంచిన పిల్ల. రాయచోటి పక్కన ఆ పల్లెలో ఆడవాళ్ళకు నవ్వొస్తే ముందు చెయ్యి చెంగు మీదికి పోతుంది. చెంగు మూతికి అడ్డంపెట్టుకున్నాకే నవ్వు బయటికొస్తుంది. చూసేవాళ్ళకు కదిలే భుజాలు తప్ప ఏమీ కనబడదు. నాగవేణి పసిగా ఉన్నప్పుడు ఎగిరి ఆ చెంగు కిందికి లాగి, నవ్వు దొరికిందని వీధంతా వినబడేలా కేకలు పెట్టేది. ఇక్కడ శ్యామల తొడుక్కునేది గుండీల గౌను. దానికి జేబులున్నాయి గానీ చెంగు లేదు.

సంగతి ఊరిదాకా పాకిందని ఆమెకు చెప్పింది నాగూర్. ఆ ఇంటి డ్రైవరు, రాయచోటి వైపువాడే. సూపర్‌మార్కెట్ నుంచి సరుకులేసుకుని వస్తూ, అద్దంలోంచి ఆమెను చూసి, "అక్కా, నువ్వు మా ఊర్లో ఎమ్మెల్యే కంటే ఫేమస్ అయిపోయినావు" అన్నాడు. ఎవరో ఆమె ముఖానికి తెలుగులో మాటలు అతికించారట. లెక్కల పేపరు చూసినప్పుడు నా మొగం అని ఒకటి. అత్తగారు నా వంట మెచ్చుకున్నప్పుడు అని ఇంకొకటి. తన తమ్ముడి పెళ్ళి గ్రూపులో కూడా వచ్చిందని నాగూర్ నవ్వుతూనే చెప్పి, అద్దంలో ఆమెను ఇంకోసారి చూసి, రేడియో పెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తే నాగవేణి రాలేదు. నీళ్ళకు పోయిందని ఆంజనమ్మ అంది. ఆ పై శుక్రవారం తలనొప్పని పడుకుందంది. మూడోసారి ముసలామెకు సాకులు అయిపోయాయి. బళ్ళో పిల్లలు నాగవేణిని రాతిమొగందాని కూతురా అని పిలుస్తున్నారని చెప్పింది. అది గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఒకరు కుర్చీలో బిగుసుకుని కూర్చుంటారట, మిగతావాళ్ళు కోతివేషాలు వేస్తారట. టీచరమ్మ కూడా ఒకసారి ముఖం తిప్పుకుని నవ్విందట. ఫోన్ ఇవ్వమని శ్యామల అడిగింది. ఆంజనమ్మ లోపలికి పోయి, ఏదో మాట్లాడి, తిరిగి వచ్చింది.

"నీ మొగం చూడదంట. ఊరంతా చూస్తాంది గదా, నేనొక్కదాన్ని చూడకపోతే ఏమయితాది అంటాంది."

శ్యామల సరేలే అంది. ఫోన్ జేబులో పెట్టుకుని, మడతపెట్టాల్సిన తువ్వాళ్ళు మడతపెట్టింది. అంచుకు అంచు సరిగ్గా కలిసిందో లేదో చూసుకుంటూ పెట్టింది. ఆ బిడ్డ గొంతు వినడానికే వారమంతా అరబ్బు ఇంట్లో తిరుగుతున్నదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిసినా కళ్ళలోకి నీళ్ళేమీ రాలేదు.

మర్నాడు నూరాతో చెప్పి చూసింది. తన కూతురని అరబ్బీలో బింతి, ఆపైన స్కూల్, ప్రాబ్లమ్ అని మూడు మాటలు పేర్చింది. నూరాకు అర్థమైంది గానీ నమ్మకం కలగలేదు. జనం ఆమెను ఎంత ప్రేమిస్తున్నారో చూడమని ఫోన్ ముందు పెట్టింది. పొడవునా ఎర్రటి హృదయాలే. తమ బళ్ళు తెరిచేదాకా మాత్రమే, ఆ తర్వాత ఆపేద్దామని బతిమాలింది. అమ్మగారికి చెబితే, ఇష్టం లేకపోతే కూర్చోకు, ఎవరూ బలవంతం చెయ్యరు అందామె, తన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. ఆ మాటలో తప్పేమీ లేదు. మధ్యాహ్నం ఐషా వచ్చి చెయ్యి పట్టి లాగితే శ్యామల వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాదనాలన్నా లోపల ఏదో ఒకటి లేవాలి. లేవలేదు.

మరి రెండు శుక్రవారాలు ఫోన్లో కోళ్ళ చప్పుడూ ఆంజనమ్మ దగ్గూ తప్ప ఏమీ వినబడలేదు.

ఒకరోజు నూరా మెట్లమీంచి పరుగున దిగివచ్చింది. ఇండియా నుంచి ఒకమ్మాయి పంపిందట. అన్నిట్లోకీ ఇదే గొప్పదట. "షీ ఈజ్ డూయింగ్ యూ, శామలా" అంది. కుర్చీ లాగారు. ఐషా రెండో ఫోన్ పట్టుకుంది. చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి.

ముందు చీర కనబడింది. ఆకుపచ్చ నూలుచీర, అంచు ఒకచోట వెలిసింది. తాను పెట్టెలో పెట్టి వచ్చిన చీర. తర్వాత వెనక గోడ, గోడకు ఆనించిన గ్యాస్ బండ, దానిమీద బోర్లించిన చెంబు. ఆ తర్వాత ముఖం.

నాగవేణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. జుట్టు శ్యామల దువ్వుకున్నట్టే వెనక్కి బిగించి దువ్వుకుంది. ఎదురుగా చూస్తోంది. రెప్పలు కూడా వేళ తప్పకుండా శ్యామల వేసినట్టే వేస్తోంది. పక్కనుంచి ఎవరో పిల్ల ఆమె చెవిలో ఈక పెట్టి తిప్పింది. కదల్లేదు. ఇంకో పిల్ల ఎదుట నిలబడి మేకలా అరిచింది. కదల్లేదు. పోయినసారి చూసినప్పుడు ఆ ముఖంలో బుగ్గలుండేవి. ఇప్పుడు ఎముకలు తేలి, చూస్తే తన ముఖమే, కాస్త చిన్నది.

ఐషా నవ్వుతుంటే చేతిలో ఫోన్ ఊగింది. నూరా తన నోరు తానే మూసుకుంది.

వీడియో చివర్లో నాగవేణి చెయ్యి ఒళ్ళోంచి లేచింది. భుజం మీది చెంగు అందుకుని మూతికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. అక్కడితో అయిపోయింది.

"వై ఈజ్ షీ క్రయింగ్?" అని ఐషా అడిగింది. ఏడుపు కాదు, దగ్గు అయివుంటుందని నూరా తేల్చింది. ఆ ఇంట్లో అది నవ్వే పద్ధతని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి చెయ్యి అప్పటికే ఒళ్ళోంచి లేచి ఎడమ భుజం మీదికి పోయింది. అక్కడ గౌను మెడపట్టీ, ఒక గుండీ ఉన్నాయి. చెయ్యి వాటిమీద అలాగే ఆగింది.

"హ్యాండ్స్ డౌన్, శామలా."

శ్యామల చెయ్యి దించలేదు. ఇంకోసారి చూపించమంది. ఇన్నాళ్ళలో ఆమె నోటివెంట ఆ మాట రావడం ఇదే మొదలు. నూరా చెల్లెలి వైపు ఒకసారి చూసి, మళ్ళీ వేసింది. ఈసారి శ్యామల మేకనూ ఈకనూ చూడలేదు, చివర్లో చెంగు పైనున్న కళ్ళను మాత్రం చూసింది. అది అయిపోగానే లేచి నిలబడి, "ఖలాస్" అంది.

పొయ్యి మీద బియ్యం గుర్తొచ్చాయేమోనని నూరా అనుకుంది. పొయ్యి మీద ఏమీ లేదు. శ్యామల కుర్చీని ఎత్తి భోజనాల బల్ల కిందికి, మిగతా కుర్చీల వరసలోకి తోసేసింది. "నూరా, ఖలాస్" అని ఇంకోసారి, మెల్లిగా, చెప్పి వెనకవైపు ఇస్త్రీ గదిలోకి వెళ్ళింది. కాసేపటికి హాల్లోంచి పిల్లి అరుపు వినబడింది. పిల్లలు పిల్లిని కూర్చోబెట్టడానికి చూస్తున్నారు.

ఆరోజు శుక్రవారం కాదు. అయినా ఫోన్ చేసింది. ఊళ్ళో బడి వదిలేసి ఉంటారు. మొదటి మోతకే ఎత్తారు.

"చూసినావా మా?"

నాగవేణే ఎత్తింది. గొంతు కొద్దిగా మారింది, ఎదిగిన పిల్ల గొంతు.

"చూసినా."

"నవ్వినావా?"

అబద్ధం చెప్పడం తేలికే. శ్యామల ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, దాని తీగ సర్ది, అప్పుడు చెప్పింది. "చెంగు ల్యాకపాయ పాపా."

అటువైపు కోళ్ళు కీచులాడుకుంటున్నాయి. ఆంజనమ్మ ఎవర్నో అదిలిస్తోంది.

"నాకూ రాలేదు నవ్వు. ఊరికే కప్పుకున్నా."

"తెలుసు. భుజాలే కదిలినాయి. కండ్లు కదల్లా."

"వీళ్ళంతా నేను నిజంగానే నవ్వినాననుకున్నారు."

"అనుకోనీ."

నాగవేణి, బళ్ళో ఇప్పుడు తనను కూడా రాతిమొగమే అంటున్నారని చెప్పింది. రాతిమొగందాని కూతురా అనడం మానేశారట. రెండింట్లో ఏది నయమో తనకు తెలియడం లేదట. ఆ చెప్పడంలో కోపం లేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. శ్యామలకు అదే కొంచెం భయమేసింది. ఆమెకు ఏదైనా అనిపించి చాలాకాలమైంది, అందుకే అది భయమని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"ఇంగ ఆ కుర్చీలో కూచ్చోవద్దు మా."

"కూచ్చోను. చెప్పేసినా."

"ఏమన్న్యారు?"

"పిల్లిని కూచ్చోబెడతాండారు."

అటునుంచి చిన్న ఊపిరి చప్పుడొచ్చింది. నవ్వు కాదు. నవ్వుకు ముందు చెంగు వెతుక్కునే పాటి చప్పుడు. అన్నం తిన్నావా అని శ్యామల అడిగింది. ఇప్పుడేం అన్నం, ఇంకా పొద్దు గూకలేదని నాగవేణి అంది.

లోపలినుంచి అమ్మగారు పిలిచారు. చాయ్‌కి వేళయింది. శ్యామలకు ఫోన్ కట్ చెయ్య బుద్ధి కాలేదు. వస్తా, ఉండు అని చెప్పలేదు కూడా. దాన్ని అలాగే ఇస్త్రీ బల్ల మీద, తెల్ల చొక్కాల పక్కన, వెల్లకిలా పెట్టి వెళ్ళింది. గ్లాసులు కడిగి, చాయ్ పోసి, ఖర్జూరాల పళ్ళెం అందించి, ఒలికిన చోట తుడిచి, తిరిగి వచ్చేసరికి ఫోన్ వెలుగు ఆరిపోయి ఉంది. చెవికి పెట్టుకుంది. కట్ కాలేదు. అటు ఎవరో పిల్ల నాగవేణిని ఆటకు పిలుస్తోంది.

"ఉండు మేయ్" అంటోంది నాగవేణి. "మా యమ్మతో మాట్లాడతాండా."